తాబేలు డైలాగులు

ఫిలింనగర్, హైదరాబాదు
మార్చి 19, 2001

చిరంజీవి గీతికకు,

నోరు మూతపడ్డ మీ రత్నత్త చేతిరాతతో పంపుతున్న ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు రిసీవర్ మీద గోటితో టకటకమని కొట్టింది నేనే. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు అని నీకు ముందుగా చెప్పేదెలా? నువ్వేమో లైను బాగాలేదని పెట్టేశావు. అందుకని ఈ ఉత్తరం.

ఆపరేషన్ బాగానే అయింది. గొంతులో బొడిపెలు తీసేశారు. వేసవి దాటేదాకా ఒక్క మాట మాట్లాడకూడదట. "గుసగుసలు కూడా వద్దమ్మా, మామూలు మాట కంటే గుసగుసే గొంతుకి చేటు" అన్నాడు డాక్టరు. ఇన్నేళ్ళుగా ఊళ్ళో హీరోయిన్లందరి తరఫునా నవ్వి, ఏడ్చి, ప్రేమించి, విషం తాగి చచ్చిపోయినదాన్ని, ఇప్పుడు పాలవాణ్ణి నీళ్ళెందుకు కలిపావని అడిగే యోగం లేదు. మౌనం అర్ధాంగీకారమట కదా, మొన్న మీటింగులో నేనేమీ అనలేదని నన్ను అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శిని చేసి కూర్చున్నారు.

నవ్వావా? సరే, ఇక అసలు సంగతి. నాకు భయంగా ఉందే గీతూ. శ్రావణంలో విడుదలయ్యే పెద్ద సినిమాలో హీరోయిన్‌కి నేనే డబ్బింగు చెప్పాలి. నా గొంతు కోసం ఆగుతానని సౌండు ఇంజనీరు ఆదినారాయణ గారు మాటిచ్చారు. ఈలోగా మనోజ అనే కొత్తమ్మాయి చేత తాత్కాలికంగా చెప్పించి పెట్టుకుంటున్నారు. తాత్కాలికం అన్నది ఎప్పుడు ఖాయమైపోతుందో ఈ ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. నేను కూడా అలా తాత్కాలికంగా వచ్చినదాన్నే. నా గొంతు నాకు తిరిగి రాకపోతే నేనేమిటో నాకు తెలియడం లేదు.

టీవీ పెడితే ప్రతి చానల్లోనూ నేనే. ఎవరెవరి మొహాల్లోంచో నా మాటలు వస్తుంటాయి. భరించలేక కట్టేశాను. బయటేమో మీ కంప్యూటర్ల వాళ్ళకి మేడలు కట్టడానికి రోజంతా బండలు పేలుస్తున్నారు.

నువ్వు చిన్నప్పుడు పెళ్ళిపందిట్లో కూడా పుస్తకంలో తల దూర్చి కూర్చునేదానివి. నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క పుస్తకం పూర్తిగా చదివిన పాపాన పోలేదు. ఏం చదవాలో చెప్పు. ఈ వేసవి గడవాలి.

మీ రత్నత్త


బెంగుళూరు
మార్చి 27, 2001

రత్నత్తా,

నీ కవరు చూసి మా రూమ్మేటు, ఈ కాలంలో ఉత్తరాలు ఎవరు రాస్తారని తిప్పి తిప్పి చూసింది. నీ అక్షరాలు కూడా నీలాగే గట్టిగా మాట్లాడుతున్నాయి. భయపడకు. నీ గొంతు ఎక్కడికీ పోదు.

పుస్తకాల గురించి నా మొదటి మాట. నచ్చకపోతే మధ్యలోనే మూసెయ్, పుస్తకం అలగదు. ఇంకొకటి, ఇది నా వయసుకి తగినదేనా అని చూడకు. పిల్లల బొమ్మల పుస్తకం దగ్గర్నుంచి ముసలాళ్ళ యాత్రల దాకా దేన్నైనా ముట్టుకో. ఎవరైనా రచయిత నచ్చితే మాత్రం ఆ మనిషిని వదలకు, రాసినవన్నీ లాగు.

యూసుఫ్‌గూడ బస్టాపు వెనక సందులో బాలనర్సయ్యగారి కిరాయి పుస్తకాల దుకాణం ఉంది. కాలేజీ రోజుల్లో మీ ఇంట్లో ఉంటున్నానని నువ్వు అనుకునేదానివి కానీ సగం సేపు అక్కడే ఉండేదాన్ని. 'మేడ మీద మూడో చెప్పు' అని డిటెక్టివు నవల, నాగేశ్వరి గారి 'రాని వాన', అచ్యుతరామయ్య గారు ఎడ్లబండి మీద ఊళ్ళు తిరిగి రాసిన 'ఇరుసు చప్పుడు', ఈ మూడూ తెచ్చుకో. మూడు రకాల రుచులూ తెలుస్తాయి.

ఇక్కడ పనసతొనలు అమ్మేవాడు సరిగ్గా మా కిటికీ కిందే బండి పెడుతున్నాడు. గదిలో దుప్పట్లు కూడా పనస వాసనే. రూమ్మేటు గురక ఇప్పుడు పై శ్రుతికి చేరింది. ఆఫీసులో మా ప్రాజెక్టు అయిపోయింది. కొత్తది దొరికేదాకా మమ్మల్ని బెంచి మీద పెట్టారు. అంటే జీతం ఉంటుంది, పని ఉండదు. అద్దాల గోడ పక్కన, ఎవరో పెంచుతున్న మనీప్లాంటు కింద కూర్చుని, ఊరికే వచ్చే కాఫీ తాగుతూ నీకిది రాస్తున్నాను.

గీతిక


ఫిలింనగర్
ఏప్రిల్ 16, 2001

గీతూ,

బెంచి మీద కూర్చోబెట్టారా, నిలబెట్టారా? మా బళ్ళో అయితే నిలబెట్టేవాళ్ళు. పని చెప్పకుండా జీతమిచ్చే మహానుభావులు ఎన్నాళ్ళిస్తారో కాస్త కనుక్కో.

నీ బాలనర్సయ్య దుకాణానికి వెళ్ళాను. చిన్నపిల్లలా పలక కొనుక్కున్నాను, దాని మీద రాసి చూపిస్తున్నాను. నాకు మాట లేదని తెలియగానే ఆయన నాకు చెవులు కూడా లేవనుకున్నాడు. "గీ మూడు బుక్కులేనా? ఉన్నయి! జర గీడ కూసోండ్రి!" అని బస్తీ అంతా వినబడేలా అరిచాడు. 'నాకు వినబడుతుంది' అని రాసి చూపించాను. దాన్ని కూడా అంత గట్టిగానూ చదివాడు. "నాకు వినబడుతుంది!" అని తనకు తనే అరుస్తున్న మనిషిని చూసి దారిన పోయేవాళ్ళు ఆగిపోయారు.

ఇక పుస్తకాల సంగతి. కోపం తెచ్చుకోకు, ఒక్కటీ ఎక్కలేదు. 'రాని వాన'లో ఆ పిల్ల "నేను చచ్చినా రాను" అంటుంది. ఆ వెంటనే "ఈ రైలు ఎప్పుడు కదులుతుందండీ?" అని అడుగుతుంది. దాన్ని రైలు ఎవరెక్కించారు? డిటెక్టివు నవల్లో ఒకడు "అవును, నేనే చంపాను" అని ఒప్పుకున్నాడు. ఎవర్ని చంపాడో నాకు తెలియదు. పైగా ఆ హంతకుడి పేరు మొదటి పేజీలోనే ఎవడో పెన్సిలుతో రాసిపెట్టాడు, వాడి చెయ్యి విరగ. ఎడ్లబండి పుస్తకమైతే మరీ అన్యాయం. మొత్తం తిరగేసినా ఒక్కరు నోరు విప్పరు. వాళ్ళక్కూడా ఆపరేషనయ్యిందా?

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఇందుకే అన్నారేమో. నీకు ఇందులో ఏం కనబడేది?

మీ రత్నత్త


బెంగుళూరు
ఏప్రిల్ 24, 2001

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకొక అనుమానం వచ్చింది. నిజం చెప్పు. నువ్వు కోట్స్ మధ్య ఉన్నదే చదువుతున్నావు కదూ?

ఆ పిల్ల "రాను" అన్నాక, వాళ్ళ నాన్న చెప్పులు విడవకుండానే ఇంట్లోకొచ్చి, ఏమీ అనకుండా ఆ అమ్మాయి పెట్టెకి తాడు కట్టడం మొదలుపెడతాడు. పేజీన్నర ఉంటుంది అది. ఒక్క మాట లేదు. దాన్ని చూసే ఆ పిల్ల రైలెక్కింది. నువ్వా పేజీన్నర దాటేశావు!

ఇంత నవ్వి చాలా రోజులైంది. రూమ్మేటు లేచి వచ్చి మంచినీళ్ళు ఇచ్చింది. కానీ అత్తా, తర్వాత ఆలోచిస్తే అందులో నీ తప్పేమీ లేదనిపించింది. డబ్బింగులో నీకిచ్చే కాగితం మీద నీ మాటలే ఉంటాయి. మిగతాదంతా కెమెరావాళ్ళు, లైట్లవాళ్ళు, సంగీతంవాళ్ళు చూసుకుంటారు. పుస్తకంలో వాళ్ళెవరూ లేరు. ఆ పనులన్నీ కోట్స్ బయట జరుగుతాయి, చదివేవాళ్ళే చెయ్యాలి.

మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడదాం. శకుంతలమ్మ గారి 'తపాలా తాబేలు' అడుగు. పిల్లల పుస్తకమే. నేను ఏడుపు మానకపోతే మా అమ్మ చదివి వినిపించేది. అడవిలో ఉత్తరాలు పంచే తాబేలు కథ. దానికి చదువు రాదు, అందుకని ఉత్తరం అందుకున్నవాళ్ళనే పైకి చదివి వినిపించమంటుంది. ఒక్క అక్షరం వదలకుండా చదువు.

గీతిక


ఫిలింనగర్
మే 20, 2001

గీతూ,

దొరికిపోయాను. నిజమే. ఇంకా సిగ్గులేని సంగతి చెప్పనా, కోట్స్‌లో కూడా ఆడవాళ్ళ మాటలే శ్రద్ధగా చదివాను. మగవాళ్ళవి పక్క మైకువాడు చూసుకుంటాడని వదిలేశాను.

బాలనర్సయ్య పిల్లల అట్టపెట్టె అడుగు నుంచి 'తపాలా తాబేలు' తీసి దులిపాడు. "ఎవరికమ్మా, మనుమడికా?" అని అరిచాడు. నాకే అని రాశాను. "మంచిగ చదువుకోండ్రి" అన్నాడు, బళ్ళో చేరిన పిల్లతో అన్నట్టు.

ఒక్క అక్షరం వదల్లేదు. వేలు పెట్టి చదివాను. వాన పడుతుంటే తాబేలు కుందేలు ఉత్తరాన్ని డొప్పలోకి నెట్టుకుంటుంది. డొప్పలో ఉత్తరానికీ తలకీ చోటు చాలక తన తల బయట పెట్టుకుని తడుస్తూ నడుస్తుంది. అక్కడ మాటలు లేవు. నేను ఏడ్చాను గీతూ. ఎన్ని వందల ఏడుపులు ఏడ్చానో ఆ డబ్బింగు థియేటర్లో, అన్నీ తెర మీద పెదాలు ఎప్పుడు వణుకుతాయో చూసుకుని ఏడ్చినవే. ఇది నా ఏడుపు. ఎవరి పెదాలకీ కలపక్కర్లేదు.

ఇక ఆపేదెవరు? దయ్యాల నవలలు పట్టపగలే, వంటింటి కిటికీ తెరిచి చదువుతున్నాను. కాలేజీ పిల్లల ప్రేమకథ ఒకటి చదివాను, ఆ కుర్రాడికి రెండు తగిలిద్దామనిపించింది. 'రాని వాన' మళ్ళీ చదివి తాడు కట్టే పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇక అచ్యుతరామయ్య గారు! ఒక్కరూ మాట్లాడరని తిట్టానే, ఆ మనిషి మీద నాకు మోజు పుట్టింది. ఎద్దు మెడ మీది పుండు గురించి ఎంత ఓపిగ్గా రాశాడు! ఆయనవి అన్నీ కావాలన్నాను. "గాయన రెండే రాసిండమ్మా, మల్ల రాయలే" అన్నాడు బాలనర్సయ్య. మనసు చివుక్కుమంది.

వచ్చే నెల గొంతు చూస్తానన్నాడు డాక్టరు. ఆదినారాయణ గారు ఫోన్ చేసి "తొందరేం లేదమ్మా" అన్నారు. అంత నెమ్మదిగా అంటే తొందరుందనే అర్థం. నీ బెంచి ఎలా ఉంది?

మీ రత్నత్త


బెంగుళూరు
జూన్ 11, 2001

అత్తా,

నేను బాగున్నాను. ఆఫీసు బాగుంది. వాతావరణం బాగుంది. నువ్వు బాగా చదువుతున్నందుకు సంతోషం. హాస్యకథలు కూడా ప్రయత్నించు, మంచివి చాలా ఉన్నాయి. డాక్టరు ఏమన్నాడో తప్పకుండా రాయి. నీ గొంతు వస్తుంది. నాన్న ఫోన్ చేస్తే నేను చాలా బిజీగా ఉన్నానని చెప్పు.

గీతిక


ఫిలింనగర్
జులై 2, 2001

గీతూ,

మాట వచ్చింది. నాది కాదు.

డాక్టరు సరేననగానే జూబ్లీహిల్స్ డబ్బింగు థియేటరుకి వెళ్ళాను. అదే మైకు, అదే స్టూలు. తెర మీద ఆ పిల్ల పూలతోటలో వెనక్కి తిరిగి చూసింది. "నన్ను మరిచిపోగలవా?" అనాలి. అన్నాను. గరగరమని, లోతుగా, మా నాయనమ్మ బందరు నుంచి వచ్చి అడిగినట్టుంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ. అద్దం అవతల ఆదినారాయణ గారు తల వంచుకుని ఏదో మీట సవరిస్తున్నారు, అక్కడ సవరించేదేమీ లేదని నాకు తెలుసు. ఇదివరకైతే ఆయన మాటలకోసమే చూసేదాన్ని. ఈసారి ఆ వంచిన తల చదివాను. బయటికొచ్చాక ఆయన నోరు తెరిచేలోగా నేనే చెప్పాను, మనోజ చెప్పినవే ఉంచేయండి అని. గొంతు ఇక ఇంతేనని డాక్టరు కూడా అన్నాడు. హీరో తల్లి పాత్రలు ఇప్పిస్తానన్నారు ఆదినారాయణ గారు. చెబుతానన్నాను. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను.

ఏడ్చాక నీ ఉత్తరం మళ్ళీ తీశాను. అన్నీ బాగున్నాయని రాశావు. మొదటి ఉత్తరంలో పనసతొనలవాడు ఉన్నాడు, మనీప్లాంటు ఉంది, రూమ్మేటు గురక ఉంది. ఇందులో గోడ లేదు, కిటికీ లేదు, కాఫీ లేదు. నువ్వెక్కడ కూర్చుని రాశావో లేదు. ఒట్టి డైలాగులే పంపావు. అవి కూడా ఎవరో రాసిస్తే చదివినట్టున్నాయి. నాకు ఇప్పుడు కోట్స్ బయట చదవడం వచ్చిందే పిల్లా, నేర్పినదానివి నువ్వే.

బెంచి గురించి అడిగాను. జవాబు చెప్పలేదు. బెంచి తీసేశారా, తల్లీ?

మీ రత్నత్త


బెంగుళూరు
జులై 10, 2001

రత్నత్తా,

నీ గొంతు గురించి చదివాను. దాని గురించి ముందు రాయాలి, కానీ నువ్వడిగినదానికి జవాబు చెప్పకుండా నీ దగ్గర నాకు మొహం చెల్లదు.

తీసేశారు. మే నెలలోనే. మా బెంచి మీద ఉన్న అందర్నీ ఒక గదిలోకి పిలిచి, మెళ్ళో కార్డులు తీసి బల్ల మీద పెట్టమన్నారు. రూమ్మేటుకి కూడా పోయింది, వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. గురక లేక నిద్ర పట్టడం లేదంటే నవ్వుతావు. నాన్నకి చెప్పలేదు. ఇంజనీరింగు సీటొచ్చినప్పుడు ఊరందరికీ లడ్డూలు పంచాడు. ఆయనతో ఏ నోటితో చెప్పను?

రోజూ ఆఫీసు వేళకే తయారై వెళ్ళి పార్కులో కూర్చుంటున్నాను. ఇంటావిడకి అనుమానం రాకుండా. "ఒక టీ" అన్న మాట తప్ప కొన్ని రోజులు ఇంకేమీ మాట్లాడను. నీకు మాట్లాడకూడదని చెప్పారు కనుక నువ్వు ఊరుకున్నావు. నాకెవరూ చెప్పలేదు.

అన్నిటికంటే ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాకు చదవడం పోయింది అత్తా. పుస్తకం తెరుస్తాను. కళ్ళు లైన్ల మీద నడుస్తాయి, లోపలికి ఏమీ రాదు. నీకు ఏవేవో చదవమని చెప్పినదాన్ని, నేను పుస్తకం ముట్టుకుని రెండు నెలలైంది.

నాన్నకి చెప్పకు.

గీతిక


ఫిలింనగర్
ఆగస్టు 6, 2001

నా బంగారు తల్లికి,

మీ నాన్నకి నేను చెప్పను. చెప్పవలసింది నువ్వే, నీ నోటితో. లడ్డూలు పంచిన చెయ్యి నిన్ను కొట్టదు, మా అన్నయ్య నాకు తెలుసు. కానీ అది తర్వాత. ముందు ఈ పార్సెల్ విప్పు.

అందులో క్యాసెట్టు ఉంది, 'తపాలా తాబేలు' పుస్తకం ఉంది. పుస్తకం కోసం బాలనర్సయ్యతో పెద్ద వాదన అయింది. "కిరాయి బుక్కు బెంగుళూరుకు పోతదా అమ్మా, మల్ల ఎట్లొస్తది?" అన్నాడు. నీ పేరు చెప్పాను. "గా గీతికమ్మకా? గట్ల ముందే చెప్పొద్దా!" అని తనే అట్ట వేసి ఇచ్చాడు. నా కొత్త గొంతు వినిపించాలని అక్కడే ఒక పేజీ చదివాను. "మా నాయనమ్మ చెప్తున్నట్టే ఉన్నది" అన్నాడు. మొదట మనసు కలుక్కుమంది. తర్వాత చూస్తే ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. పేజీ తిప్పడం ఆలస్యమైతే "మల్లేమైంది?" అని అడిగాడు, ఈసారి అరవకుండా.

ఆదినారాయణ గారిని అడిగి పనిలేని పూట థియేటరులో ఇది రికార్డు చేశాను. హీరో తల్లికి కూడా చెబుతానని ఒప్పుకున్నాను. ఆవిడ కోపిష్టిది, నాకు నచ్చింది. ఈ గొంతుతో హీరోయిన్ నవ్వదు కానీ వాన మాత్రం బాగా కురుస్తోంది. నువ్వే విని చెప్పు.

చదవడం పోయిందని బెంగపడకు. నాకు ఇన్నేళ్ళూ లేదు, నీకు రెండు నెలలేగా. అడవి, వాన, దారి, కుందేలు, ఏనుగు, అన్నీ నేను చదివాను. తాబేలు డైలాగులు మాత్రం చదవలేదు. అవి వచ్చే చోట ఖాళీ వదిలాను. మా పనిలో అంతే, అవతలి పాత్ర మనిషి రాకపోతే ఆ చోటు వదిలి మనది చెప్పుకుపోతాం, వాళ్ళు తర్వాత వచ్చి నింపుతారు. పుస్తకం ఒళ్ళో పెట్టుకో, టేపు పెట్టు, ఖాళీ రాగానే నువ్వు చెప్పు. తాబేలు పెద్దగా మాట్లాడదు, కష్టమేమీ కాదు.

గుసగుసగా మాత్రం చెప్పకు. గొంతుకి చేటు.

నీ రత్నత్త


బెంగుళూరు
ఆగస్టు 14, 2001

అత్తా,

మొదటిసారి నా నోరు పెగల్లేదు. నీ గొంతు వినగానే అది ఎవరిదో అనుకున్నాను, అంతలో "అనగనగా" అన్నావు, అది నీదే. కుందేలు తలుపు తీసింది, ఖాళీ వచ్చింది, నేను పుస్తకం పట్టుకుని అలాగే ఉండిపోయాను. నువ్వు నాకోసం ఆగకుండా కథ చెప్పుకుపోయావు. వెనక్కి తిప్పాను.

రెండోసారి కూడా ఆలస్యమైంది, నీ మాట మీద నా మాట పడింది. మూడోసారి కలిసింది. కుందేలు ఉత్తరం విప్పి, చదవలేక ఏడుస్తూ నిలబడే చోట, తాబేలుది ఒకటే మాట ఉంటుంది. "నెమ్మదిగా చెప్పు. నేనెక్కడికీ పోను." అది అన్నాక టేపు ఆపి, నేనూ కుందేలూ కాసేపు ఏడ్చాం. తర్వాత వాన పేజీ నేనే పుస్తకంలో చదువుకున్నాను. ఒక్కో అక్షరం లోపలికి వచ్చింది.

రేపు సెలవు కదా, నాన్న ఇంట్లోనే ఉంటాడు. ఫోన్ చేస్తాను.

ఇంటావిడ తలుపు కొట్టింది. ఎన్నాళ్ళుగానో చప్పుడు లేని గదిలోంచి రెండు గొంతులు వినబడేసరికి, "ఎవరమ్మా వచ్చింది, చుట్టాలా?" అని తొంగి చూసింది.

"మా అత్త వచ్చింది" అన్నాను.

గీతిక